ముక్కుమామ తెరిచిన సీసా

బావ ఆ సంగతి నాకు మాత్రమే ఎందుకు చెప్పాడు? నేనేదైనా అంటాననా, ఏమీ అననన్న ధైర్యంతోనా? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను.

అక్క పోయాక బావా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. రేవు నీళ్ళ మీద ఓడలు వదిలిన నూనె తెట్టు కనిపిస్తే పడవలో వెళ్ళి సీసాలోకి పట్టడం, మూత మీద లక్క పోసి సీలు వేసి తేదీ రాయడం, రేవులోని పరీక్ష గది బీరువాలో దాచడం ఆయన ఉద్యోగం. యంత్రం తేల్చేలోపే వాసన చూసి అది ఏ రకం నూనో చెప్పేసేవాడు. అందుకే రేవులో అందరికీ ఆయన ముక్కుమామ.

ఆ ఏడు ఒక ఓడ నూనె వదిలి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. బావ తమ్ముడి వలలతో సహా ఒడ్డున వలలన్నీ పనికి రాకుండా పోయాయి. చట్టం సూటిగానే ఉంది. తప్పెవరిదని అడగక్కర్లేదు, నూనె ఆ ఓడదని రుజువైతే చాలు, నష్టం యజమాని భరించాల్సిందే. ఒడ్డుకు కొట్టుకొచ్చిందంతా రేవు మురికిలో కలిసిపోయింది. శుభ్రంగా పట్టింది బావ దాచిన ఆ ఒక్క సీసానే.

ఒక సాయంత్రం పాలు పొంగి మాడుతున్నాయి. బావ పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాడు. పుస్తకం పడేసి పరిగెత్తాను.

"ఇంత మాడుతుంటే తెలియట్లేదా బావా?"

"ఏ వాసనా తెలియట్లేదురా," అన్నాడు. "ఇవాళ ఆ సీసా తెరిచాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే మంచినీళ్ళలాగే ఉంది. మళ్ళీ లక్క పోసి పాత తేదీయే వేశాను."

నేను గిన్నె తోముతూ ఉండిపోయాను.

నష్టానికి జాలర్లు వేసిన దావాలో బావ సాక్షి. కోర్టులో ఓడ తరఫు వకీలు మాటవరసకన్నట్టు అడిగాడు. "సీలు వేశాక దీన్నెవరూ తెరవలేదు కదండీ?"

బావ నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"నేనే తెరిచానండి."

"ఎందుకు?"

"వాసన వస్తుందేమోనని."

ఎవరో కిసుక్కున నవ్వారు. సీసా సాక్ష్యానికి పనికిరాదన్నారు. దావా కొట్టేశారు.

కోర్టు మెట్ల మీద బావ తమ్ముడు అడ్డంపడ్డాడు. "ఒక్క 'లేదండీ' అంటే నీ సొమ్మేం పోయేది అన్నయ్యా? నీ ముక్కు కోసం మా అందరి నోట్లో మట్టి కొట్టావు!"

"వలలు ఇంకా వాసనొస్తున్నాయా?" అన్నాడు బావ.

ఎగతాళి అనుకుని తమ్ముడు విసురుగా వెళ్ళిపోయాడు. ఎగతాళి కాదు. నిజంగా తెలియకే అడిగాడు.

బావని పనిలోంచి తీసేశారు. వీధిలో ముక్కుమామా అని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. ఇంట్లో నేనైనా నాలుగు మాటలు మాట్లాడాల్సింది. చదువుకుంటూ కూర్చున్నాను.

ఒక ఉదయం గుమ్మంలో చెప్పుల చప్పుడు, గోడకి బావ బట్టల పెట్టె తగిలిన చప్పుడు వినిపించాయి. ఎక్కడికి వెళ్ళినా "వస్తానురా" అని చెప్పి వెళ్ళే మనిషి. ఆ మాట కోసం, చదువుతున్న పేజీలో వేలు పెట్టుకుని ఆగాను. తలుపు మెల్లగా మూసుకుంది.