అడిగి తెచ్చుకున్న పట్టుచీర

చివ్వెంలలో ఒంటరి ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే మా చిన్న సంస్థ, కొత్త మిషన్ల కోసం ఒక ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. ఈ రోజు వాళ్ల ఆఫీసరు హైదరాబాద్ నుంచి చూడటానికి వచ్చాడు. వాకిట్లో ముగ్గు వేశాం, ఆయనకు శాలువా కప్పాం. మా వాళ్లంతా పట్టుచీరల్లో మెరిసిపోయారు.

ఆయన అందరినీ ఒకసారి చూసి, "మీకంటే అవసరంలో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారండీ" అని కారెక్కాడు.

మా దగ్గర కుట్టు నేర్చుకునే యాదమ్మ బిక్కమొహం వేసింది. "సుట్టమొస్తే మాసిన సీర కట్టుకుంటమా మేడం? ఇది గూడ పక్కింట్ల అడిగి తెచ్చుకున్న."

మంచి చీరలు కట్టుకు రమ్మని నిన్న అందరికీ ఫోన్లు చేసింది నేనే. ఈసారి ఎవరైనా వస్తే పాతవే కట్టుకోమని యాదమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మీరైతే చెప్పగలరా?