ఏడో భాగంలోని గుర్తులు

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. రెండే పదాలు. ఆ మాట అన్న తర్వాత నాపరాయి బండ మనిషి చేతి మీద పడ్డ చప్పుడు విన్నాను. ఆ చప్పుడునూ మోస్తున్నాను గానీ, అది ఎప్పుడూ మాట వెనకాలే వస్తుంది. ముందు వచ్చేది నా మాటే. మా ఆవిడకు తెలియదు. నా బిడ్డకు తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా మొహం చూడలేరు. పిరికివాడు ఇంతకంటే మంచి చోటు వెతుక్కోలేడు.

నాది తాండూరు. రోజూ పొద్దున రైలెక్కి వికారాబాద్ పోయి, ఆఫీసుల ముందు రేకుల షెడ్డులో కూర్చుని అర్జీలు టైపు చేస్తాను. పట్టా కాలేదని, పింఛను రాలేదని, మనిషి తప్పిపోయాడని. అన్నీ వాళ్ల నోటితోనే రాయాలి, 'నేను' అంటూ. ఇరవై ఏళ్లుగా రైతునయ్యాను, భర్త పోయిన ఆడమనిషినయ్యాను, కొడుకు కనబడని తండ్రినయ్యాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మనిషి గురించి రాస్తే గుర్తులు రాయాలి. పుట్టుమచ్చ, దెబ్బ తగిలిన మచ్చ, నడక తీరు. గుర్తులు లేకుండా తప్పిపోయిన మనిషి అర్జీ తీసుకుపోతే గుమాస్తా మొహాన కొడతాడు.

ఆ అలవాటుతోనే ఫోన్‌లో కథలు మొదలుపెట్టాను.

చాట్ కథలంటారు వాటిని. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అందులో 'అనగనగా' ఉండదు, వర్ణనలుండవు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు పంపుకున్న మెసేజీలే కథ. తెర మీద వేలు నొక్కినకొద్దీ ఒక్కో మెసేజీ పైకొస్తుంది, పక్కింటివాళ్ల ఫోన్‌లోకి దొంగచాటుగా తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. దీన్ని సాహిత్యమంటే పుస్తకాలు చదివిన పెద్దలు నవ్వుతారు. నవ్వనీ. రైల్లో నా ఎదురుగా కూర్చున్న ఒక నర్సమ్మ నా కథ చదువుతూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. నేను మారుపేరుతో రాస్తాను కాబట్టి ఆమెకు నేనెవరో తెలియదు. ఆ రోజు సంతోషంతో నాకు అన్నం కూడా సహించలేదు. అర్జీ చదివి ఏ ఆఫీసరూ స్టేషన్ దాటిపోడు కదా.

ఈ కథలు రాసే మాలో ఒక ఆనవాయితీ ఉండేది. 'ఇది కల్పితం' అన్న వాక్యాన్ని చివరి భాగం కింద పెట్టేవాళ్లం. మొదట్లోనే పెడితే రుచి పోతుంది. నిజమేనేమో అన్న భయమే చదివిస్తుంది. ఇందులో తప్పేముందని అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదే.

బసప్ప గురించి చెప్పాలి. గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేసే మనిషి. కర్ణాటక సరిహద్దు అవతలి ఊరు. టీవీఎస్ బండి వెనక ఎర్ర పెట్టె కట్టుకుని మా గల్లీల్లో తిరిగేవాడు. ఒకసారి మా ఇంటికి వచ్చి పొయ్యి బాగుచేశాడు. కుడి చెవి తమ్మె తెగి ఉంది. ఎడమ చేతికి ఆరు వేళ్లు. ఆ ఆరో వేలికీ బొటనవేలికీ మధ్య చిన్న స్క్రూ ఇరికించి పట్టుకుని పని చేస్తుంటే మా బిడ్డ ఎదురుగా గొంతుక్కూర్చుని చూసింది. దానికప్పుడు ఐదేళ్లు. ఆ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగి నవ్వింది. "దేవుడు నాకు ఒక పానా ఎక్కువ ఇచ్చినాడు పాపా" అన్నాడతను. మా ఆవిడ టీ ఇచ్చింది. తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి పోయాడు.

నేను ఆ మనిషిని ఎత్తుకుపోయి కథలో పెట్టాను. పొయ్యి రిపేరని ఇళ్లలోకి వచ్చి పిల్లల్ని చూసుకునిపోయే వాడిగా. ఎందుకు? పగా? లేదు. కొత్త మనిషిని పుట్టించడానికి కష్టపడాలి, కళ్లముందున్నవాణ్ణి దించుకోవడం తేలిక. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గు.

తొమ్మిది భాగాల కథ. ఇద్దరు ఆడవాళ్ల మధ్య మెసేజీలు, మన తాండూరు మాటల్లోనే. ఏడో భాగంలో ఒకామె ఇంకొకామెకు రాస్తుంది: "అక్కా, గుర్తులు రాసుకో. ఎడమ చేతికి ఆరు వేళ్లు. కుడి చెవి తమ్మె తెగి ఉంటది. టీవీఎస్ మీద ఎర్ర పెట్టె. తెలుగుల కన్నడం కలుస్తది. ఇంట్లకు రానిచ్చినవో, పిల్ల మాయం." అర్జీలు రాసే చెయ్యి కదా, ఒక్క గుర్తూ వదల్లేదు. తొమ్మిదో భాగంలో అతను నిర్దోషి అని తేలుతుంది. పిల్లల్ని ఎత్తుకుపోయింది ఆ మెసేజీలు పంపిన ఆమె మరిదే. చదివేవాళ్లు అదిరిపోవాలని అతని నిర్దోషిత్వాన్ని చివరి దాకా దాచిపెట్టాను.

ఏడో భాగం పెట్టిన వారంలోనే ఎవరో ఆ మెసేజీని స్క్రీన్‌షాట్ తీసి ఊరి గ్రూపుల్లోకి వదిలారు. కథ పేరు పోయింది, నా మారుపేరు పోయింది. మిగిలినదాన్ని చూస్తే ఎవరి ఇంట్లోనో నిజంగా పంపుకున్న మెసేజీలాగే ఉంది. పుస్తకంలోంచి కాగితం చింపినా కింద పేజీ నంబరైనా ఉంటుంది.

ఆ రోజు రెండో శనివారం. ఆఫీసులు లేవు కాబట్టి నాకూ పని లేదు. వంటింటి గట్టుకు బండ చూద్దామని పాలిషింగ్ యూనిట్ల వైపు పోయాను. దూరం నుంచే అరుపులు వినిపించాయి. పగిలిన బండలు పోసిన కుప్ప దగ్గర నలభై యాభై మంది ఉన్నారు. మధ్యలో బసప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. చొక్కా చినిగి మెడ చుట్టూ వేలాడుతోంది. అతని ఎర్ర పెట్టెలోంచి పానా తీసి అతని నోటి మీదే కొట్టినట్టున్నారు, ముందు పళ్లు లేవు. రాయి కోసిన తెల్లటి బురదలో రక్తం పడి గులాబీ రంగుకు తిరిగింది. ఒకడు వెనకనుంచి పక్కటెముకల మీద తన్నుతున్నాడు, ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ తన్నుతున్నాడు.

మా గల్లీ సత్తయ్య నన్ను చూశాడు. యూనిట్లో మేస్త్రీ. మంచివాడు. అతనికీ మా బిడ్డ వయసు పిల్లే ఉంది. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

"సారూ, నువ్వు ఆఫీసులల్ల అర్జీలు రాస్తవ్ గదా. జర జూసి చెప్పు. గీ గుర్తులు వీనియేనా?"

ఫోన్ చేతిలో పెట్టాడు. నా వాక్యాలు. నా కామాలు. పిల్ల మాయం.

"గిది ఎవరు పంపిన్రు సత్తయ్యా?"

"ఎవరు పంపితే ఏంది సారూ. కలుస్తున్నయా లేదా, గది చెప్పు."

బసప్ప తలెత్తాడు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో నన్ను గుర్తుపట్టాడు. ఆ మొహంలో ఒక్కసారిగా వచ్చిన ధైర్యాన్ని నేను చూశాను. "సార్‌గె గొత్తు" అన్నాడు. "సార్‌గె గొత్తు."

"ఏమంటుండు వీడు?"

"సారుకు ఎరుకనట" అన్నారెవరో.

"నీకు ఎరుకనా సారూ?"

అవును, నాకు ఎరుకే. అక్కడున్న అందరికంటే నాకే ఎక్కువ ఎరుక. 'ఇది నేను రాసిన కథ' అంటే సరిపోయేది. ఆగేవాళ్లా? తెలియదు. ఆ కాళ్లు నా వైపు తిరిగేవేమో. భయపడ్డాను, అది నిజం. కానీ భయం ఒక్కటే అని రాసి ఊరుకుంటే ఈ ఒప్పుకోలు కూడా అబద్ధమే అవుతుంది. ఆ ఫోన్ చేతిలో పట్టుకున్నప్పుడు, ఒక్క క్షణం, ఎంత నమ్మారు నన్ను అనిపించింది. మనిషి నా ముందు రక్తం కక్కుతుంటే నా లోపల ఒక రచయిత మురిసిపోయాడు. వాణ్ణి నేను చూశాను. వాడి మొహం నా మొహమే.

"నాకంత ఎరుక లేదు" అన్నాను. "గుర్తులైతే కలుస్తున్నయి."

సత్తయ్య ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, ఆఫీసు ముద్ర పడ్డ కాగితాన్ని పెట్టుకున్నట్టు. ఇద్దరు బసప్ప ఎడమ చేతిని లాగి బండ మీద పరిచారు. ఎవడో వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గుంపంతా అందుకుంది. ఒకటి, రెండు, మూడు. ఆరు అనగానే అరిచారు. సత్తయ్య రెండు చేతులతో బండ ముక్క ఎత్తాడు. మొదటి దెబ్బకు బసప్ప కేక పెట్టాడు. రెండో దెబ్బకు కేక లేదు. మూడోది ఎందుకు వేశాడో సత్తయ్యకైనా తెలుసో లేదో. నేను వెనక్కి నడిచాను. పరుగెత్తలేదు. పరుగెత్తితే అనుమానం వస్తుందన్న తెలివి ఆ సమయంలోనూ ఉంది నాకు.

ఇంటికి పోయి, తలుపు వేసుకుని, కథ మొత్తం తీసేశాను. ఇంకా పెట్టని ఎనిమిది, తొమ్మిది భాగాలు ఎవరూ చదవలేదు. పోలీసులు వచ్చేసరికి బసప్ప బతికే ఉన్నాడు. హైదరాబాద్ తీసుకుపోయి మణికట్టు దాకా చెయ్యి తీసేశారు. సత్తయ్య జైలుకు పోయాడు. మెసేజీ ఎవరు రాశారన్నది తేలలేదు. ఎవరైనా ఫోన్ తీసి నా వైపు చూస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఏడాది తిరక్కుండానే ఇంకో మారుపేరుతో మళ్లీ రాయడం మొదలుపెట్టాను. ఇది కూడా చెప్పాలి కదా.

ఒకరోజు మధ్యాహ్నం బసప్ప భార్యతో కలిసి వికారాబాద్‌లో నా షెడ్డు ముందు నిలబడ్డాడు. ఇటువైపే ఎక్కడో ఆమె పుట్టింట్లో ఉంటున్నారట. వికలాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు రాయాలి. నేను తల ఎత్తకుండా పేరు కొట్టాను, వయసు కొట్టాను. ఆ దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. చెయ్యి దానికదే అక్కడ ఆగింది, నోరు దానికదే అడిగింది.

"గుర్తులు రెండు చెప్పాలి."

బసప్ప కాస్త ఆలోచించాడు. "చెవి గుర్తు ఒక్కటే ఉంది సార్. రెండోది చేతితోపాటే పోయింది."

నేను టైపు చేశాను. కాగితం ఇస్తుంటే కుడి చేత్తో అందుకుని అడిగాడు, "పొయ్యి బాగ మండుతున్నదా సార్?"

మండుతోంది అన్నాను. తల ఊపి, భార్య వెనక నడిచిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదా? ఉమ్మి ఉంటే? ఆ పొయ్యి మీదే ఇవాళ్టికీ మా ఇంట్లో అన్నం వండుతున్నారు. దాన్ని మార్చుదామంటే మా ఆవిడ, మంచి పొయ్యి, ఎందుకు మార్చాలంటుంది.

క్షమించమని రాయడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు, అడగాల్సినవాడి ఎదుట నాకు నోరు పెగలదు. చెప్పేశాను, అంతే. ఇంతసేపూ గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంటున్నాను, కాస్త తేలికగానే ఉంది. అది కూడా నాకు దక్కాల్సింది కాదేమో.

పేరు రాయను. ఆ ధైర్యం ఇంకా లేదు. కానీ మనిషి గురించి రాస్తే గుర్తులు రాయాలి. కుడి కనుబొమ్మను చీల్చుతూ పాత గాయం మచ్చ. ఎడమ బుగ్గ మీద శనగబద్దంత పుట్టుమచ్చ. తెలుగు తాండూరుది. వికారాబాద్‌లో ఆఫీసుల ముందు రేకుల షెడ్డులో ఎడమ నుంచి మూడో టేబుల్. రెండు చేతులూ ఉన్నాయి, పది వేళ్లూ ఉన్నాయి.