మూడో సిస్టమ్

ఆ ఇంటి పెద్దల్లుడికి అసలు పేరొకటి ఉండేది గానీ, ఇరవయ్యేళ్ళుగా అందరికీ ఆయన కంప్యూటర్ బావే. పని ప్రింటింగ్ ప్రెస్సులో. వెనకగదిలో, మిషన్ల చప్పుడుకి వణికే బల్ల ముందు కూర్చుని ప్రశ్నపత్రాలూ కరపత్రాలూ టైపు చేస్తాడు. అక్కడ ఆయన్ని పట్టించుకునే దిక్కు లేదు. అత్తారింట్లో మాత్రం మహారాజు. ఫోన్లో ఫొటోలు మాయమైనా, టీవీలో బొమ్మ ఆగిపోయినా "బావని పిలవండి" అనేవాళ్ళు. ఆయన వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, కాసేపు మూతి బిగించి, ఆపి మళ్ళీ ఆన్ చేసేవాడు. సగం జబ్బులు దాంతోనే కుదిరేవి. మిగతా సగానికి కొత్తది కొనమనేవాడు.

ఆ రాజ్యానికి ఎసరు పెట్టినవాడు తోడల్లుడు. బేకరీలో పిండి కలిపే మనిషి. ఎక్కడో చూసి నేర్చుకుని, ఓ పాత కంప్యూటర్లో లైనక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసి, ఇంటిల్లిపాది ఫొటోలూ వీడియోలూ అందులో పెట్టి, దాన్ని ఫైల్ సర్వర్ అన్నాడు.

"ఏవండీ, చెల్లివాళ్ళింట్లో చూడాలి మీరు!" అంది భార్య, ఇంకా చెప్పులు విప్పకుండానే. "రిమోట్ నొక్కితే చాలు, మన పెళ్ళి వీడియో టీవీలో వచ్చేసింది. మరిదిగారు ఎంత ఓపిగ్గా పెట్టారో!"

"ఓపిక గాడిదకీ ఉంటుంది," అన్నాడు ఈయన.

అసూయ అంటే ఒప్పుకోడు గానీ, అసూయే. నిఖార్సైన అసూయ. పిండి చేతులవాడికి ఇదెందుకు? వీడు పిండి పిసుక్కుంటుంటే నేనెళ్ళి బన్నులు కాల్చానా?

అంతలో మామగారు కబురు పెట్టారు. అత్తగారు పోయి రెండేళ్ళు. ఆవిడ మనవరాళ్ళకి చెప్పిన కథలు, పాడిన పాటలు, మామగారిని విసుక్కున్న మాటలు, అన్నీ అరిగిపోతున్న పాత క్యాసెట్ల మీద ఉంటే డిస్కులోకి ఎక్కించింది ఈ పెద్దల్లుడే. "మా ఇంట్లోనూ అలాంటి సర్వర్ పెట్టండి బాబూ. రోజూ టిఫినయ్యాక కాసేపు వింటాను," అన్నారాయన.

పెద్దాయన అడిగింది తననే. ఈయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కానీ ఏ సిస్టమ్ వెయ్యాలి? తనకి బాగా తెలిసింది విండోస్. అది వేస్తే పాతకాలపు మనిషంటారు. లైనక్స్ వేస్తే తోడల్లుణ్ణి చూసి వాత పెట్టుకున్నట్టు అవుతుంది. మూడు వారాలు ప్రెస్సులో పని ఎగ్గొట్టి చదివి, ఆ ఇంట్లో ఎవరూ పేరైనా వినని మూడోదాన్ని పట్టాడు. ఫ్రీబీఎస్‌డీ. మంచి సిస్టమే, దాని తప్పేం లేదు. పైగా డిస్కుకి ఒక తాళం వేశాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కీబోర్డు తగిలించి, నాలుగు కమాండ్లు కొట్టి, పాస్‌వర్డ్ చెబితేనే లోపలున్నవి కనపడతాయి. ఆ ఎవరో ఒకరు తనే. పాస్‌వర్డ్ ఇంకెవరికీ చెప్పలేదు.

"ఇంట్లో పెట్టుకునేదానికి ఇంత తాళమెందుకు అన్నయ్యగారూ?" అన్నాడు బేకరీ ఆయన, పాపం మామూలుగానే.

"నీకర్థం కాదులే తమ్ముడూ. ఇది సెక్యూరిటీ," అన్నాడు.

తరవాత మూడు నెలలు పండగే. కరెంటు పోయినప్పుడల్లా ఫోను. "బాబూ, మళ్ళీ రావట్లేదు." ఈయన ప్రెస్సులో అందరికీ వినపడేలా "వస్తున్నా, నేను తప్ప ఎవరూ చెయ్యలేరు" అని బయల్దేరేవాడు.

ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి. వారం, రెండు వారాలు, నెల దాటింది. మధ్యలో కరెంటు పోని రోజు లేదు. ఇక అనుమానమే లేదు, ఆ పిండివాడు చొరబడ్డాడు! తన తాళం పగలగొట్టి తన లైనక్స్ పెట్టేసి ఉంటాడు. కుతకుత ఉడుకుతూ ఓ ఆదివారం పొద్దున చెప్పాపెట్టకుండా అత్తారింటికి వెళ్ళాడు.

సర్వర్ తను పెట్టిన చోటే ఉంది. మీద దుమ్ము. టీవీలో ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఎవరూ ముట్టుకోలేదు.

"ఎన్నాళ్ళైంది మామయ్యగారూ ఇలా?"

"నలభై రోజులుంటాయేమో."

"మరి నన్ను పిలవలేదే?"

పెద్దాయన కిటికీకేసి తిరిగారు. "ఎన్నిసార్లని పిలవను? పని మానుకుని రండి, నాకు మా ఆవిడ గొంతు వినాలనుంది అని చెప్పడానికి సిగ్గేస్తుంది బాబూ. ఉండగలనేమో చూద్దామనుకున్నాను. మొన్న ఎంత ఆలోచించినా ఆవిడ నన్ను విసుక్కునేటప్పుడు ఏ గొంతుతో మొదలెట్టేదో గుర్తు రాలేదు. మాటలు గుర్తున్నాయి. గొంతు రావట్లేదు."

పెద్దల్లుడు సర్వర్ మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"మీ తప్పేముంది? అవి ఎవరి చేతుల్లోనూ పడకూడదని మా మంచికేగా తాళం వేశారు," అన్నారు మామగారు, ఆయన్నే ఓదారుస్తూ.

అవునని ఊరుకుంటే సరిపోయేది. రాజ్యం అలాగే ఉండేది.

"కాదండీ," అన్నాడు. "మీరు నన్నే పిలవాలని వేశాను."

మామగారు ఆయన మొహంలోకి చూసి, "ఇప్పుడు తీసెయ్యొచ్చా?" అని మాత్రం అడిగారు.

ఈయన పాస్‌వర్డ్ కొట్టి, అత్తగారి గొంతు గదిలోకి వచ్చాక, వరండాలోకి వెళ్ళి తోడల్లుడికి ఫోన్ చేశాడు. అసూయ అలాగే ఉంది. "తమ్ముడూ, ఖాళీ డిస్కొకటి పట్టుకుని మామయ్యగారింటికి వస్తావా? ఉన్నవన్నీ అందులోకి ఎక్కించి, మీ ఇంట్లో వేసిందే ఇక్కడా వెయ్యాలి," అన్నాడు. "అది నాకు రాదు."