గుడ్డు గడప దాటని ఇంట్లో

ఇరవై ఒక్కేళ్ల వయసులో, చదివినదంతా తెలిసినట్టే ఉండేది. (ఇప్పుడు తెలిసినవి కూడా ఎక్కడో చదివినట్టే ఉంటున్నాయి.) జగదల్‌పూర్‌లో డిగ్రీ అయిపోయి మా ఊరు కొంటాలో మా కిరాణా దుకాణం వెనకున్న ఇంటికి తిరిగొచ్చినప్పుడు, ఒక పెట్టెడు పుస్తకాలూ, గాజు సీసాలో బొటనవేలంత నీలం ఆడ బెట్టా చేపా నాతో వచ్చాయి. మాది మాంసం మాట అటుంచి, గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. నాయనమ్మ సీసా ముందు నిలబడి ఒకటే అడిగింది.

"గుడ్లు పెడతదా?"

"మగది లేకుండ ఎట్ల పెడతది నాయనమ్మా? అమ్మినాయన పక్కా అన్నడు."

"పెట్టిన నాడు ఇది ఇంట్ల ఉండదు. శబరిల వదిలొస్తా."

సీసాలో పెరిగిన చేప ఏట్లో ఒక్క పూట కూడా బతకదని నాకు తెలుసు. అయినా భయం లేదు. మగది లేదు కదా.

నెల తిరక్కుండానే చేప పొట్ట ఉబ్బింది. తిండి ఎక్కువైందనుకుని రెండు రోజులు పస్తు ఉంచాను. (మొదటి రోజు ఏకాదశి కావడంతో నాయనమ్మ చేపను మెచ్చుకుంది.) మూడో రోజు పొద్దున ఆమె కేక వినబడింది.

"ఏమే, నీళ్లల్ల గసగసాలెవరు పోసిన్రు?"

వెళ్లి చూశాను. సీసా అడుగున ముప్పై దాకా తెల్లటి గింజలు. చేప పొట్ట లోపలికి పోయింది. నేనిచ్చిన హామీ అంతా అక్కడ తెల్లగా పడి ఉంది.

"నేనే పోసిన" అన్నాను.

అప్పుడే చేప కిందికి దిగి ఒక గింజను మింగింది. తర్వాత ఇంకొకటి. తన గుడ్లను తానే తినే తల్లిని నేనెప్పుడూ చూడలేదు. నాయనమ్మ మాత్రం, "ఆకలి మీదున్నది పాపం" అని దుకాణంలోకి వెళ్లి చిటికెడు అసలు గసగసాలు తెచ్చి నీళ్లలో వేసింది. చేప ఒకటి నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది.

"ఇప్పుడే తిన్నది గదనే. ఇప్పుడేంది ఉమ్మేస్తాంది?"

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, చాలాసేపు చూసింది.

"ముప్పయ్యేండ్లు దుకాణంల కూసున్నదాన్ని. నాకు గసగసాలు చూపిస్తున్నవా? గుడ్లేనా?"

"గుడ్లే. ఏట్ల వెయ్యకు నాయనమ్మా, చచ్చిపోతది." ఏడుపు వచ్చేసింది.

"మరి మగది?"

"లేదు. లేకున్నా ఒక్కోసారి పెడతదట. పిల్లలు కావు."

ఆమె పీట లాక్కుని కూర్చుంది. మడి కట్టుకున్న మనిషి, వంట సంగతే మర్చిపోయింది.

"పానం లేదంటవా వాటిల?"

"లేదు."

"పానం లేనిది గుడ్డెట్లైతదే?" అని లేచింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "మీ నాయినకు మాత్రం గసగసాలే. తెలిసిందా?" అంది.

నాయనమ్మ పోయి నలభై రోజులైంది. ఆ పొద్దున నన్ను నిర్ఘాంతపరిచింది చేపేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. జీవితమంతా పట్టుకున్న నియమాన్ని నా ఏడుపు చూసి ఒక్క మాటతో పక్కకు జరిపిన మనిషి. అప్పుడు నాకది అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి, పుస్తకం తెరిచి, గుడ్లు ఎలా పుడతాయో, పిల్లలు ఎలా అవుతాయో గంటసేపు పాఠం చెప్పాను. ఆరుగురిని కన్న మనిషి, ఊఁ కొడుతూ చివరిదాకా విన్నది.