కీసరలో దొరికిన పళ్ల చక్రం

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంట్లో అందరికంటే దర్జాగా బతికింది ఒక కదలని మోటారు సైకిలు. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వేలం వేస్తే మా తాతయ్య పాడుకున్నాడు. దానివల్ల తాతయ్యకి ఊళ్లో పేరొచ్చింది, నాయనమ్మకి తలనొప్పి వచ్చింది. వెనక చక్రానికుండే పళ్ల చక్రం అరిగిపోయి గొలుసు జారిపోయేది. ఇంజను బ్రహ్మాండంగా అరిచేది, బండి మాత్రం ఉన్నచోటే ఉండేది. మా ఇంట్లో కొందరు మనుషులూ అంతే కాబట్టి నాకేం వింతగా అనిపించలేదు.

"తొలకరి పడేలోపు ఇది కదిలిందా సరే, లేదంటే పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేస్తా," అంది నాయనమ్మ. ఆవిడ అన్నదంటే చేస్తుంది. తాతయ్య బెంగతో అన్నం మానేశాడు. సాయంత్రం పులిహోర చేస్తే మాత్రం తిన్నాడు.

మా ఊళ్లో సైకిలు షాపులన్నీ అయ్యాయి. నందిగామలో మోటారు షెడ్డాయన, ఇది ఇంగ్లండు నుంచి రావాలండి అన్నాడు. అయితే కీసరలో ఒకాయన సరిగ్గా ఇలాంటి బండే కొని, వారం తిరక్కుండానే వాగులో దింపాడనీ, ఆ సామాను ఊళ్లో తలా ఒకటి పట్టుకుపోయారనీ కూడా ఆయనే చెప్పాడు. వాగులో పడ్డ మనిషి సంగతి తాతయ్య అడగలేదు. "అయితే దాని పళ్లు అరిగుండవు," అన్నాడు.

ఆదివారం మా అరిగిన చక్రాన్ని సంచిలో వేసుకుని తాతయ్యా నేనూ బస్సెక్కాం. కీసరలో ఇంటింటికీ వెళ్లి అది చూపించి, ఇలాంటిది ఉందా అని అడిగాం. అందరూ లేదన్నారు. నేను ఏడుపు మొదలెట్టబోతుంటే, ఒక అరుగు మీద మజ్జిగ తాగుతున్న తాతయ్య ఎదురింటి కోళ్లను చూపించాడు. అవి నీళ్లు తాగుతున్నది మోటారు సైకిలు లైటు డొప్పలో. ఆ ఇంటావిడే ఇందాక మా దగ్గర బండి సామాను ఏదీ లేదండి అన్నది.

"అబద్ధం కాదమ్మా. ఆవిడకది కోళ్ల మూకుడు. ఇనుము వేషం మార్చేసింది, అంతే. ఇదే నీకు దొరికితే ఏం చేస్తావో చెప్పు," అంటూ తాతయ్య మా చక్రం నా ఒళ్లో పెట్టాడు.

తిప్పి తిప్పి చూశాను. నడుమ చిల్లుంది. తాడు కడితే వేలాడుతుంది. వేలాడే ఇనుముని చూస్తే ఎవరికైనా కొట్టబుద్ధేస్తుంది. "గంట చేసుకుంటా," అన్నాను. తాతయ్య గ్లాసు కింద పెట్టి, ఈ ఊళ్లో గంట ఎక్కడుందని ఆ కోళ్లావిడనే అడిగాడు.

ఊరి చివర రేకుల చర్చి ముందు, వేపకొమ్మకి వేలాడుతోంది ఆ వాగులో పడ్డ బండి చక్రం, పళ్లన్నీ పదునుగా. ఇమ్మని అడిగితే, గంట కొట్టే ముసలమ్మ దానికీ మాకూ మధ్య వచ్చి నిలబడింది.

"ఇది పట్టుకుపోతే జనం ప్రార్థనకెట్టా వస్తారయ్యా? మీ బండి చప్పుడు విని వస్తారా?"

తాతయ్య మా చక్రాన్ని పక్క కొమ్మకి కట్టి కొట్టాడు. ఖంగుమంది. ఆవిడ దూరంగా కాలవగట్టు దాకా నడిచి, మళ్లీ కొట్టమని చెయ్యూపింది. వెళ్లినంత నిదానంగానూ తిరిగొచ్చింది. అంతసేపూ తాతయ్య ఊపిరి బిగబట్టే ఉన్నాడు. ఆవిడ ఇంకో రెండడుగులు ఆలస్యం చేస్తే బండితో పనే ఉండేది కాదు.

"పళ్లూడిన తాత పాడినట్టుంది. పోన్లే, వినబడుతోంది. విప్పుకోండి."

తొలకరికి ముందే బండి కదిలింది. వీధి మలుపు తిరగ్గానే పెట్రోలు అయిపోయింది, అది వేరే సంగతి. కదిలితే చాలన్న మాట మీద నాయనమ్మ నిలబడింది.

ఆ తర్వాత బండి ఎంతో కాలం నడవలేదు. పనికిరాదని మేం విప్పేసిన చక్రం మాత్రం, నా పెళ్లయ్యాక ఒక ఆదివారం కీసరలో బస్సాగితే, కాలవగట్టు దాటి వినబడుతూనే ఉంది. ఇప్పటికీ ఏదన్నా కనపడకపోతే, అది ఎక్కడుందని వెతకను. ఇప్పుడేం పని చేస్తుంటుందా అని ఆలోచిస్తాను. మొన్న నా కళ్లజోడు పెట్టె అలాగే దొరికింది. మా మనవడి మిడత అందులో కాపురం పెట్టింది. ఖాళీ చెయ్యమనలేదు. కళ్లజోడు ఇప్పుడు పోపుల పెట్టెలో ఉంటోంది.