మస్కట్‌కు పోయిన రొట్టెల చప్పుడు

మా ఇంట్లో ఏ వస్తువునూ పారేయరు. అది మమకారం అనుకునేరు, వట్టి బద్ధకం. అందుకే హన్మకొండలో ఇన్ని అద్దె ఇళ్లు మారినా, బాపు ఎప్పుడో మస్కట్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్ ఇంకా మా బీరువా మీదే ఉంది. మొన్న దుమ్ము దులుపుతూ దాని తోలు కవరు విప్పితే, ముడుచుకుపోయిన తోలు వాసన, కారిపోయిన బ్యాటరీల ఉప్పు వాసన, అడుగున ఇంకా చావని అత్తరు వాసన, మూడూ కలిసి ముక్కుకు తగిలాయి. గుడ్డ చేతిలో అట్లాగే ఉంది గానీ, నేను మాత్రం నర్సంపేట అవతల మా ఊరి అరుగు మీద, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న చిన్నపిల్లనైపోయాను.

నేను నడక నేర్చిన ఏడాది బాపు కాజీపేటలో బొంబాయి రైలెక్కి, అక్కణ్నుంచి మస్కట్ పోయాడట. మధ్యలో ఒకసారి సెలవు మీద వచ్చి ఆ టేప్‌రికార్డర్ ఇచ్చి వెళ్లాడు గానీ, ఆ రాకడలో నాకు గుర్తున్నవి ఆయన షర్టు గుండీలు మాత్రమే. మా వాడకట్టు పిల్లలందరికీ బాపు అంటే చెమట వాసన, బీడీ వాసన, ఎద్దును అదిలించే కేక, అంగడి నుంచి వచ్చే మురుకుల పొట్లం. నాకు బాపు అంటే రెండు చిన్న చక్రాలు తిరుగుతుంటే వినబడే ఒక గొంతు. ఆయనకు చదువు సంతకం వరకే వచ్చింది, నానమ్మకు అదీ రాదు, ఊళ్లోకి ఫోను ఇంకా రాలేదు. కాబట్టి మస్కట్, దుబాయి పోయినవాళ్ల ఇళ్లన్నింటిలో లాగే మాకూ మాటలు క్యాసెట్లలోనే రావాలి, క్యాసెట్లలోనే పోవాలి. వాటిని మోసేది మా ఊరివాడే అయిన సారయ్య మామ. అక్కడ బాపు గదిలోనే ఉండేవాడు. ఆయనకు సెలవు దొరక్కపోతే పక్క ఊరివాళ్లెవరో ఆ పని చేసేవాళ్లు.

క్యాసెట్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మక్క కంకులు కాల్చుకునే ముసురు రోజుల్లో రావచ్చు, పత్తి విచ్చే ఎండల్లో రావచ్చు. నాకు బాగా గుర్తున్నవి బతుకమ్మ రోజుల్లో వచ్చినవే. వాకిలంతా తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి ఉండేవి. చేతులకు గునుగు పూల రంగు అంటుకుని ఉండేది. సత్తుపిండి, మలీద ముద్దలు ఆకుల్లో పెట్టి ఇంటింటికీ పంచుతుంటే సారయ్య మామ తెల్లటి ప్యాంటు మట్టి కాకుండా గెంతుకుంటూ వచ్చి, రుమాలులో చుట్టిన క్యాసెట్ నానమ్మ చేతిలో పెట్టేవాడు. నానమ్మ దాన్ని కళ్లకద్దుకుని, వాసన చూసి, "నా కొడుకు వాసనొస్తాంది" అనేది. అది ఒంటినొప్పుల తైలం వాసన. ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఎవరికుంది?

పొద్దుగూకే ముందు వాడకట్టంతా మా అరుగు చేరేది. టేప్‌రికార్డర్‌ను పీట మీద పెట్టేవాళ్లు. బాపు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేవాడు. పలకరించి, వాళ్లు జవాబు చెప్పడానికి కాసేపు ఆగేవాడు. అట్లా ఆగడం ఆయనకు ఎవరు నేర్పారో తెలియదు. "అవ్వా, పానం మంచిగున్నదా?" అని ఆగితే, నానమ్మ తన మోకాళ్ల సంగతి మొదలుపెట్టేది. అది పూర్తయ్యేలోగా బాపు పక్కింటి మల్లయ్య తాత దగ్గరికి వెళ్లిపోయేవాడు. "జర ఆగు బిడ్డా, చెప్తాన గద" అని నానమ్మ పెట్టె మీద చెయ్యి వేసి బతిమాలేది. ఎవరూ నవ్వేవాళ్లు కాదు, ఎందుకంటే తమ వంతు వచ్చినప్పుడు వాళ్లూ అదే పని చేసేవాళ్లు.

బాపు మాటల వెనకాల ఇంకో లోకం ఉండేది. ఎప్పుడూ ఏదో గుర్రుమని మోగుతుండేది. అది ఏసీ అని సారయ్య మామ ఎంత చెప్పినా, పిండి గిర్ని పక్కనే బాపు గది ఉందని నానమ్మ నమ్మకం. దూరంగా మసీదు పిలుపు, గిన్నెల మోత, మలయాళంలో ఎవరిదో కోపం, బెంగాలీలో ఎవరిదో పాట వినబడేవి. పటంలో ఆ దేశం ఎక్కడుందో బడిలో చూపించక ముందే నాకు దాని చప్పుళ్లన్నీ తెలుసు. బాపు తెలుగులోకీ ఆ దేశం చొరబడింది. ఒకసారి "ఈ యేడు సెలవు మాఫీ అవ్వా" అన్నాడు. అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. మన దగ్గర మాఫీ అంటే క్షమించడమే కదా. "ఏం తప్పు చేసిండని మాఫీ అడుగుతాండు నా కొడుకు?" అని నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెద్దవాళ్లు తలా ఒక తప్పు ఊహించి ఓదార్చారు. మర్నాడు సారయ్య మామ వచ్చి అర్థం చెప్పాక, కొడుకు రావడం లేదని మళ్లీ మొదట్నుంచి ఏడ్చింది.

ఇంత మందిని పలకరించే బాపు అమ్మను మాత్రం పలకరించేవాడు కాదు. పెళ్లాం పేరు నలుగురిలో పలకడం మర్యాద కాదు. అందరి వంతులూ అయ్యాక గొంతు తగ్గించి, "ఇంట్ల ఎట్లున్నరు?" అని ఆగేవాడు. ఇంట్ల అంటే అమ్మ. అరుగు మీద ఆ సంగతి అందరికీ తెలుసు. అమ్మ తలుపు వెనకాల నిలబడి ఉండేది. ఆమె ఏమీ అనేది కాదు. "ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం" అని నానమ్మే చెప్పి ఆ ఖాళీని పూడ్చేసేది. అత్త ఎదుట, వాడకట్టు ఎదుట మొగుడితో మాట్లాడితే ఊరు నాలుగు రోజులు చెప్పుకుంటుంది, నిజమే. కానీ ఆ మొగుడు సముద్రం అవతల ఉన్నాడన్న సంగతి మర్యాదకు పట్టలేదు.

అందరూ వెళ్లాక నేను ఆ పెట్టెను మంచం కిందికి ఈడ్చుకుపోయి నా వంతు మళ్లీ పెట్టుకునేదాన్ని. "బిడ్డా, బడికి పోతున్నవా?" పోతున్న అని అందరి ముందూ చెప్పిన జవాబు ఒకటి. మంచం కింద చెప్పేది ఇంకొకటి. తొక్కుడుబిళ్లలో నన్ను జట్టులో వేసుకోవడం లేదనీ, "మీ బాపు పెట్టెల ఉంటడు" అని ఎక్కిరిస్తున్నారనీ చెప్పేదాన్ని. ఆయన ఆగిన కాసేపటిలో అదంతా పట్టేది కాదు. వెనక్కి తిప్పి మళ్లీ చెప్పేదాన్ని. నాకు ఒంటరితనం అనే మాట తెలియదు గానీ, దాని రుచి మాత్రం అక్కడే తెలిసింది.

సారయ్య మామ తిరుగు ప్రయాణానికి ముందు మా జవాబు నింపేవాళ్లం, అదే క్యాసెట్ మీద. కొత్తది కొనాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మా మాటలు ఎక్కుతుంటే బాపు మాటలు చెరిగిపోయేవి, అక్కడ ఆయన మాట్లాడితే మావి చెరిగిపోయేవి. అందరం పెట్టెకు నోరు ఆనించి అరిచేవాళ్లం, దూరం కదా. అమ్మ వంటింట్లో పని చూసుకునేది. ఒకసారి యథాలాపంగా జొన్నరొట్టెలు చేస్తోంది. తర్వాతి క్యాసెట్లో బాపు మా ఇంటి మేకల సంగతి చెబుతూ చెబుతూ, మధ్యలో "రొట్టెల సప్పుడు ఇనవడ్డది. మంచిగనిపిచ్చింది" అన్నాడు. "పోరనికి రొట్టెలు యాదికొస్తున్నయి, అక్కడ తిండి సక్కగ లేదు కావచ్చు" అని నానమ్మ బాధపడింది.

అప్పట్నుంచి మాటలు నింపే ఎర్ర బటన్ నొక్కిన ప్రతిసారీ అమ్మ పొయ్యి ముందు కూర్చునేది. ఆకలి ఉన్నా లేకున్నా, వండిన అన్నం అట్లాగే ఉన్నా, జొన్నపిండి పిసికి, పీట మీద వేసి, గుండ్రంగా తిప్పుతూ అరచేత్తో కొట్టేది. టప్ టప్ మని చప్పుడు, దాని మధ్యన గాజులు. "పండుగ పూట రొట్టెలేందే, పిచ్చిదానివా?" అని నానమ్మ తిడితే, "పిండి పురుగు వడుతాంది అత్తమ్మా" అనేది. ఆ పిండి ముందు రోజే గిర్ని నుంచి వచ్చింది. పిండి డబ్బా మోసుకొచ్చింది నేనే. ఆ రొట్టెలు ఎవరికోసమో నాకు అర్థమైంది. నేనెవరికీ చెప్పలేదు, చెబితే అమ్మ మానేస్తుందని.

ఆ తర్వాతి ఎండాకాలం అమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. మొదట వాము నీళ్లు, తర్వాత నర్సంపేట డాక్టరు, చివరికి వరంగల్ దవాఖాన. ఆపరేషన్ చేయాలన్నారు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారని పెద్దవాళ్లు నా ముందు గుసగుసలాడుకుంటే, చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూడా విన్నాను. ఇల్లు చూసుకోవడానికి మేనత్త వచ్చింది. సరిగ్గా అప్పుడే సారయ్య మామ ప్రయాణం పడింది, క్యాసెట్ నింపాలి. నానమ్మ అందర్నీ కూర్చోబెట్టి, "ఎవ్వలు చెప్పొద్దు. ఎరుకైతె అక్కడ్నించి ఉరికొస్తడా? ఊకె ఫికర్ వడతడు" అంది. ఆమె గుండె రాయి కాదు. సారయ్య మామతోనూ ఒట్టు వేయించుకుంది. అందరం బాగున్నామని గట్టిగా అరిచాం. దూడ పుట్టిందని నేను చెప్పాను, వాకిట్లో అది అరిచింది కూడా. వంటింట్లో మేనత్త చప్పుడు చేయకుండా అన్నం వార్చుకుంటోంది.

అమ్మ బతికింది. సన్నగా, గాజులు మోచేతి దాకా జారిపోయే చేతులతో ఇంటికి వచ్చింది. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, పక్క ఊరి మనిషి ఒకడు బాపు క్యాసెట్ పట్టుకొచ్చాడు. ఎప్పటిలాగే అరుగు నిండింది. అమ్మను తలుపు వెనకాల గోడకు ఆనించి కూర్చోబెట్టారు.

బటన్ నొక్కాం. గుర్రుమని ఏసీ. చాలాసేపు అదే. తర్వాత బాపు, ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా మొదలుపెట్టాడు. "అవ్వా, మొన్నటి క్యాసెట్ల రొట్టెల సప్పుడు లేదు. ఎన్కకు తిప్పి తిప్పి ఇన్న. అందరు మాట్లాడిండ్రు, దూడ సుత మాట్లాడింది. రొట్టెల సప్పుడు లేదు. సారయ్యనడిగితె నేల సూపులు సూస్తాండు. నాకు అబద్ధం చెప్పకుండ్రి." ఆ మీదట అడిగాడు. "ఉన్నదా?"

ఆ తర్వాత, అలవాటు ప్రకారం, ఆగాడు.

మల్లయ్య తాత తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. నానమ్మ తలుపు వైపు తిరిగింది. తలుపు వెనకాల నుంచి అమ్మ, ఊరు వింటోందని తెలిసి, అత్త వింటోందని తెలిసి, "ఉన్న" అంది.

పెట్టె దాన్ని పట్టుకోలేదు. అది పాడుతోంది, వినడం లేదు. మేమందరం విన్నాం.

జవాబు నింపేనాడు నానమ్మే అమ్మను పిలిచింది. "నువ్వే చెప్పు బిడ్డా, ఎవ్వలేమనరు" అంది. అమ్మ పెట్టె దాకా వచ్చి, కూర్చుని, దాన్ని చూసి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒంట్లో బలం లేదు కాబట్టి ఆ రోజు చప్పుడు సన్నగా వచ్చింది. ఆ చప్పుడు కింద బాపు అడిగిన ప్రశ్న చెరిగిపోయింది.

నేను కాలేజీలో ఉండగా బాపు మస్కట్ వదిలేసి వచ్చాడు. ఇద్దరూ చాలా ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు, ఉప్పూ పప్పూ మందుబిళ్లల గురించి మాట్లాడుకున్నారు. అమ్మ పోయాక బాపు హన్మకొండలో నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఆయన ఫోనుకు కేరళ నుంచి, బంగ్లాదేశ్ నుంచి ఆనాటి గది స్నేహితుల గొంతులు వాయిస్ మెసేజీలై వచ్చిన వెంటనే మోగుతాయి, ముసలి ఉర్దూలో దగ్గుతూ. ఇప్పుడు ఎవరికోసమూ ఎవరూ ఆగరు. ఆ అరుగు రోడ్డులో కలిసిపోయింది. ఒకరి మాటలు వినడానికి వాడకట్టంతా కూర్చోవడం అనేది ఉండేదని నా పిల్లలకు చెబితే, "ప్రైవసీ ఉండేది కాదా?" అని అడుగుతారు. ఉండేది కాదు.

మొన్న నేను ఆ పెట్టె తుడుస్తుంటే బాపు కుర్చీలోంచి చూసి, "దాంట్ల మీ అమ్మ మాట ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. లేదు. ఏ క్యాసెట్లోనూ లేదు. నా పెళ్లి వీడియోలో అమ్మ పెదవులు కదులుతాయి గానీ, వినబడేది బ్యాండు మేళం. ఫోన్లు వచ్చాక కూడా కెమెరా ఎత్తితే మూతికి కొంగు అడ్డం పెట్టుకునేది. అదంతా చెప్పి ఊరుకోలేక, ఆ సాయంత్రం సంగతి చెప్పాను. నువ్వు ఉన్నదా అని అడిగితే అమ్మ జవాబు చెప్పింది బాపూ, అన్నాను. ఇన్నేళ్లలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారని నేను అనుకుంటూ వచ్చాను. ఎవరూ చెప్పలేదు.

బాపు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎట్లన్నది?"

"ఉన్న అన్నది."

"అట్ల గాదు. ఎట్లన్నదో గట్ల అను."

అమ్మ గొంతు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నాకు గుర్తున్న గొంతు ముసలిది, మందుబిళ్లలు అడిగేది. ఆనాటిది కావాలి, గోడకు ఆనుకున్నది, బలం లేనిది. దొరకలేదు. నా గొంతుతోనే "ఉన్న" అన్నాను.

బాపు కాసేపు ఆగాడు.

"ఇంకోసారి అను బిడ్డా" అన్నాడు.