నేల యాడ?

మా సిస్టరమ్మ పోయిందని పోయిన బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ల్యాబులో గాజు గొట్టాలు ఆరబెడుతున్నాను. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయిందని, మధ్యాహ్నం తమ చేలోనే పూడుస్తామని చెప్పి పెట్టేశాడు. నా చేతిలో ఇంకా ఒక గొట్టం ఉంది. దాన్ని ఎలా కడగాలో నేర్పింది ఆమే.

వేంపల్లె దగ్గర ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో ఆమె నర్సు, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆమె రిటైరయ్యే వరకు పదకొండేళ్ళు కలిసి పనిచేశాం. నాది కర్నూలు వైపు, బనగానపల్లె. చేరిన మొదటిరోజు నా పేరు అడిగింది, ఊరు అడిగింది. పేరు ఆ క్షణమే మరిచిపోయినట్టుంది, ఆ పదకొండేళ్ళూ నన్ను బనగానపల్లె అనే పిలిచింది. మామిడికాయల కాలంలో ఆ పిలుపు మరీ ఎక్కువయ్యేది.

మా వైపు తొలకరి పడిందంటే ఆసుపత్రికి పాము కాట్లు వస్తాయి. వాటిలో చాలామటుకు చిన్న పింజరవి. నాగుపాముకున్న పేరు దీనికి లేదు. మూరెడు ఉంటే ఎక్కువ. ఎర్రమట్టిలో గులకరాళ్ళు కలిపినట్టు ఉంటుంది రంగు. తల మీద పిట్ట కాలి గుర్తు లాంటి మచ్చ. కదిలిస్తే పారిపోదు, చుట్ట చుట్టుకుని ఒంటి పొలుసులు ఒకదానికొకటి రాపాడిస్తుంది. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చర్రుమంటుంది. అది కరిస్తే కొందరికి పెద్ద వాపు కూడా కనిపించదు. అందుకని ముల్లు గుచ్చుకుందనో, తేలు కుట్టిందనో అనుకుని పనిలో పడిపోతారు. లోపల రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. చిగుళ్ళ నుంచి కారడం మొదలయ్యాక ఆటో ఎక్కుతారు.

అలా వచ్చినవాళ్ళని సిస్టరమ్మ మొదట అడిగే మాట ఒకటే, “యాడ కరిచింది?” అని. వాళ్ళు కాలో చెయ్యో చూపించేవాళ్ళు. “కాలు నాకూ కనపడతాండాది. నేల యాడ?” అనేది. వాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. ప్రాణం మీదికి వస్తే ఈమె చేను వివరాలు అడుగుతోందేమిటా అని మొదట్లో నేనూ విసుక్కున్నాను. నీళ్ళు పారే వరిమడా, చెరకుతోటా, గుట్ట కింది ఎర్రనేలా, నాపరాళ్ళ గట్టా అన్నదాన్ని బట్టి ఏ పాము అయి ఉంటుందో ఆమె సగం తేల్చుకునేది. మర్నాడు అదే గట్టు మీదికి పనికి పోయే కూలీలకు జాగ్రత్త అని కబురు కూడా పంపేది.

చిన్న పింజర కాటుకు మా దగ్గరున్న పరీక్ష చాలా మామూలుది. కొంచెం రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టాలి. ఆ తర్వాత వంచి చూడాలి. గడ్డకడితే సరే, జారితే విషం ఎక్కినట్టే. ఆ గొట్టాలను ఆమె ఒక బిస్కెట్ డబ్బాలో దాచేది. సబ్బు తగిలిన గొట్టంలో మంచి రక్తం కూడా గడ్డకట్టదని, మూత మీద ‘సోపు తగలరాదు’ అని ఎర్రసిరాతో రాసి పెట్టింది. ఆ ఇరవై నిమిషాలూ బల్లకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చునేది. డాక్టరుగారైనా సరే బల్లకు తగలకుండా చుట్టూ తిరిగి పోవాల్సిందే. కరిపించుకున్న మనిషితో వానలు, విత్తనాలు, ఎడ్లు, కోడళ్ళు, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. వాళ్ళు చావు సంగతి మరిచిపోయేవాళ్ళు.

నేను చేరిన ఏడాదే ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. పాతికేళ్ళుంటాయి. పక్కన భర్త, చంకలో పాప. వేలెడు పిల్లపాము, మడమ మీద గీరింది అంతే, అన్నాడు భర్త. రక్తం తీసి పెట్టాను. ఇరవై నిమిషాలకు చక్కగా గడ్డకట్టింది. డాక్టరుగారు వార్డులో ఉన్నారు. ఆయన్ని అడగకుండానే, ఏమీ కాలేదు, నాలుగు గంటల బస్సు అందుతుంది, పోండి అన్నాను. అప్పటికి పెద్దవాణ్ణయిపోయాననుకున్నాను.

వాళ్ళు గడప దాటుతుంటే సిస్టరమ్మ దుప్పట్ల మూటతో ఎదురొచ్చింది. యాడ అని అడిగింది. ఆమె మడమ ఎత్తి చూపించింది. నేల యాడ అని సిస్టరమ్మ మళ్ళీ అడిగింది.

“గుట్ట కింద కంది చేను సిస్టరమ్మా. నాపరాళ్ళ గట్టు పేరుస్తాంటే కరిచింది.”

సిస్టరమ్మ మూట కింద పెట్టింది. “బస్సు రేపు కూడా వస్తాది. కూర్చోండి” అంది.

గంట తర్వాత ఇంకో గొట్టంలో రక్తం తీయించింది. మళ్ళీ ఇరవై నిమిషాలు. ఈసారి వంచితే నీళ్ళలా జారింది; విషం నిదానంగా ఎక్కుతోందన్నమాట. డాక్టరుగారు పరుగున వచ్చి విరుగుడు మందు ఎక్కించారు. ఆ రాత్రికే ఆమె చిగుళ్ళ నుంచి రక్తం కారింది. బస్సెక్కి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అయిదో రోజు ఆమె పాపను చంకనేసుకుని నడిచి ఇంటికి పోయింది.

నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. డబ్బా తుడుస్తూ, “రక్తానికి బస్సు టైము తెలీదప్పా బనగానపల్లె. మనమే కాసుకోని కూర్చోవాల” అంది, అంతే. డాక్టరుగారికి నా సంగతి చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే నన్ను ఆ గుట్ట దగ్గరికి తీసుకుపోయింది. చీర ఎగదోపి, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు వేసుకుని ముందు నడిచింది. రేగుపొదలు, కలబంద, ఎటు చూసినా పలకలు పలకలుగా నాపరాళ్ళు. ఒక పలక అవతలి అంచు కిందికి గడ్డపార కొన దూర్చి తనవైపుకు లేపింది. అలా లేపితే కింద ఏదున్నా దానికీ మనకూ మధ్య రాయి అడ్డం ఉంటుంది. పక్కకు వంగి చూడమంది. చిన్న పింజర చుట్ట చుట్టుకుని ఉంది. ఆమె చూపించి ఉండకపోతే అదీ మట్టే అనుకునేవాణ్ణి.

“అది మన ఇంటికి రాల్యాదు. మనమే దాని ఇంటి కప్పు లేపుతాండాం. ఈడ ఉండాదని తెలిస్తే చాలు” అంది. నిద్రపోతున్న బిడ్డ మీద దుప్పటి కప్పినట్టు పలకను నిదానంగా దించింది. నేను అప్పటికే రేగుపొదల దాకా వెనక్కి పోయి ఉంటే చూసి నవ్వింది.

బుధవారం మధ్యాహ్నం వాళ్ళ చేనుకు చేరేసరికి చాలామంది ఉన్నారు. సగం మంది కాళ్ళ మీదో చేతుల మీదో పాత మచ్చలున్నవాళ్ళే. ఒకామె నా దగ్గరికొచ్చింది. పక్కన కాలేజీ వయసు అమ్మాయి. తన పేరు చెప్పలేదు. “గుట్ట కింద కంది చేను” అంది. వెంటనే గుర్తుపట్టాను.

“నన్ను బస్సెక్కమన్న బనగానపల్లె నువ్వే కదప్పా?”

అవునన్నాను. ఇన్నేళ్ళూ చెప్పుకోలేని క్షమాపణ అప్పుడు చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“సిస్టరమ్మ కనపడినప్పుడల్లా చెప్తాండె. ఆ పొద్దునుంచి బనగానపల్లె ఒక్కరిని కూడా తొందరపడి పంపల్యాదు పాపా, అని.”

సిస్టరమ్మ నన్ను కనిపెట్టుకునే ఉందని, నా గురించి మరొకరికి మంచిమాట చెబుతూ వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. అక్కడే నిలబడి ఏడ్చాను.

గుంత పూడ్చాక, నక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చాలి. సిస్టరమ్మ తమ్ముడు గట్టు మీదున్న పెద్ద పలక దగ్గరికి పోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళమంతా రెండడుగులు వెనక్కి జరిగాం. ఆయన గడ్డపార అవతలి అంచు కింద దూర్చి తనవైపుకు లేపాడు. కింద పాము లేదు. మట్టిరంగు కుబుసం ఒకటి మాత్రం చుట్ట చుట్టినట్టే ఉంది, కొత్తది. ఆయన దానివైపు చూసి, పలకను మెల్లగా మళ్ళీ దించాడు. వేరే రాయి కోసం గట్టు వెంట ముందుకు నడిచాడు. అది దొరికేదాకా మేమంతా ఆ ఎండలో, ఎవరం తొందరపెట్టకుండా, నిలబడి ఉన్నాం.